కౌన్సెలింగ్ అంటే నచ్చజెప్పడం కాదు

(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నేను ఉపన్యాసకురాలిని కాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 27 ఏళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్న టీచర్‌ని. బెల్లు కొట్టేలోగా పాఠం ముగించడం మాకు అలవాటు కాబట్టి మీ సమయం ఎక్కువ తీసుకోను.

రెండు నెలల కిందట మన కార్యవర్గ సమావేశంలో నేనొక ప్రతిపాదన పెట్టాను. మన కుట్టు శిక్షణ కేంద్రం పక్కన ఖాళీగా ఉన్న గదిలో నెలకు రెండుసార్లు ఒక మహిళా సైకాలజిస్టును కూర్చోబెడదాం, పిల్లలు లేని ఆడవాళ్ల కోసం, ముఖ్యంగా పిల్లలు వద్దనుకుని ఇంటా బయటా నలిగిపోతున్నవాళ్ల కోసం అన్నాను. మన దాతల్లో ఒక పెద్దాయన వెంటనే ఒప్పుకున్నారు. "మంచి పనమ్మా. ఈమధ్య చదువుకున్న ఆడపిల్లలకు పిల్లలు వద్దనే ఆలోచన వస్తోంది. కౌన్సెలింగ్ ఇప్పించి నచ్చజెబితే కాపురాలు నిలబడతాయి. ఏడాది ఖర్చు నేనే పెట్టుకుంటాను" అన్నారు.

అందరూ సంతోషించారు. నేను మాత్రం ఏమీ అనలేక ఊరుకున్నాను. ఆయన ఈరోజు ఈ సభలోనే ఉన్నారు. ఆయన ఇచ్చిన డబ్బుతో మా బడి పిల్లలు ఎంతోమంది పై చదువులు చదివారు. అటువంటి మనిషికి ఎదురు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. కానీ ఆరోజు ఊరుకోవడం పొరపాటు. ఈ ప్రసంగం ఆయనకు నేను ఇవ్వవలసిన జవాబు. విన్న తర్వాత ఆయన తన మాట వెనక్కి తీసుకున్నా నేను అర్థం చేసుకుంటాను.

ముందు ఈ కౌన్సెలింగ్ అనే మాట సంగతి చూద్దాం. మన తెలుగులో ఈ మాట రెండు చోట్ల బాగా స్థిరపడిపోయింది. ఒకటి ఒకప్పటి ఎంసెట్ కౌన్సెలింగ్. ర్యాంకు కార్డు పట్టుకుని వెళితే ఏ కాలేజీలో సీటో తేల్చి పంపించేవారు. రెండోది పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే కౌన్సెలింగ్. భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, సర్దుకుపొమ్మని చెప్పి ఇంటికి పంపిస్తారు. ఒకచోట ఎక్కడికి వెళ్లాలో వాళ్లు చెప్పేవారు. ఇంకోచోట ఎలా మసలుకోవాలో వాళ్లు చెబుతారు. అందుకే కౌన్సెలింగ్ అనగానే మనకు ఎవరో చెప్పడం, మనం తలూపడం గుర్తుకొస్తుంది.

మేము బీఈడీలో చదువుకున్నది వేరు. మార్గదర్శకత్వం, మంత్రణం అని ఒక భాగం ఉండేది. అందులో కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త గురించి రాయాల్సి వచ్చేది. ఆయన 1942లో ఒక పుస్తకం తెచ్చాడు. మంత్రణం అంటే సలహా ఇవ్వడం కాదు, ఎదుటి మనిషి తన మనసు తాను చూసుకునేలా ఓపిగ్గా వినడం అని ఆయన వాదన. దాన్నే మా పుస్తకాల్లో అనిర్దేశిక మంత్రణం అన్నారు. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ పాఠం నాకు అబ్బలేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను. ఇది చెప్పడానికి ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. గుర్తు పట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

ఆ అమ్మాయి ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదివింది. ఐదుగురు పిల్లల్లో పెద్దది. చివరి కాన్పు తర్వాత వాళ్ల అమ్మీ ఆరోగ్యం బాగా దెబ్బతింది. అబ్బా ఆటో నడిపేవాడు. ఏడాది కూడా నిండని తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి వచ్చేది. వాణ్ణి స్టాఫ్ రూములో చాప మీద పడుకోబెట్టి, మధ్యలో ఏడిస్తే క్లాసులోంచి పరుగెత్తుకెళ్లేది. ఇంటికెళ్లాక వంట, గిన్నెలు, మిగతా ముగ్గురి స్నానాలు, సిపారా చదివించడం అన్నీ ఆమె పనే. అలాగే పదో తరగతి పాసయింది. ఉద్యోగం తెచ్చుకుంది. తమ్ముళ్లను, చెల్లెళ్లను చదివించింది. ఆ తర్వాత పెళ్లి చేసుకుంది. మంచి కుర్రాడు.

పెళ్లయిన నాలుగో ఏట రంజాన్ పండగకు మా ఇంటికి వచ్చింది. షీర్ ఖుర్మా గిన్నె చేతిలో పట్టుకుని తినకుండా కూర్చుంది.

"టీచర్, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అంది. ఏమైందని అడిగాను. "మాకు పిల్లలు వద్దనుకున్నాం. ఆయనకు ముందే చెప్పాను, సరేనన్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ" అంది. ఎందుకు వద్దమ్మా అన్నాను. "నేను ఒకసారి పెంచేశాను టీచర్. నలుగుర్ని" అంది.

నేనేమన్నానో విన్నవించుకుంటాను. "అలా అనకూడదు బేటీ. అల్లాహ్ ఇచ్చే నేమత్‌ను కాదనకూడదు. ఒక్కరు పుడితే అన్నీ అవే సర్దుకుంటాయి. నిద్ర కూడా పడుతుంది" అన్నాను. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్ర పడుతుందని చెప్పిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే!

ఆ అమ్మాయి నవ్వి, సలాం చెప్పి వెళ్లిపోయింది. మరుసటి పండగకు రాలేదు. ఫోన్ చేస్తే డ్యూటీ ఉందని చెప్పింది. ఆమె నా దగ్గరకు నిద్ర గురించి మాట్లాడడానికి వచ్చింది. నేను పిల్లల గురించి జవాబు చెప్పి పంపాను. ఇంట్లో అత్తగారు, ఆడబిడ్డలు, పక్కింటివాళ్లు చెప్పిందే నేనూ చెప్పాను. ఆమెకు మిగిలిన ఒక్క గుమ్మం కూడా నేనే మూసేశాను.

రెండేళ్ల తర్వాత ఒక వలీమాలో కనిపించింది. మొహం తేటగా ఉంది. నేనే పక్కకు తీసుకెళ్లి, ఆరోజు అలా అన్నందుకు మన్నించమన్నాను. అప్పుడు చెప్పింది. పరిస్థితి చేయి దాటుతోందని తెలిసి, సిటీలో ఒక మహిళా సైకాలజిస్టు దగ్గరకు వెళ్లిందట. మొత్తం ఆరుసార్లు వెళ్లింది. అక్కడ ఏం జరిగిందో ఆమె చెప్పినట్టే చెబుతాను. మనం డబ్బు పెట్టబోయేది దేనికో దాతలకు తెలియాలి కదా.

మొదటిసారి పిల్లల ఊసే రాలేదు. నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, ఉద్యోగంలో మనసు నిలుస్తోందా, ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగారు. ముప్పావు గంట ఈమె మాట్లాడింది, ఆవిడ విన్నారు. రెండోసారి ఒక కాగితం ఇచ్చి రెండు భాగాలు చేయమన్నారు. ఒకవైపు "అలసట వల్ల అనుకుంటున్నవి", మరోవైపు "బాగా ఆలోచించి అనుకున్నవి". చిన్నప్పుడు మోసిన బరువు వేరు, ఇప్పుడు తీసుకున్న నిర్ణయం వేరు అని అప్పుడు తెలిసిందట. చిన్నప్పటి సంగతికి ఆమె అంతవరకు ఒక్కసారి కూడా ఏడవలేదు. అక్కడ ఏడ్చింది. మూడోసారి ఒక ప్రశ్న అడిగారు. "ఈ విషయం గురించి లోకంలో ఎవ్వరూ నిన్ను ఏమీ అడగరనుకో. అప్పుడు నీకేం కావాలి?" వారం రోజులు ఆలోచించి రమ్మన్నారు. వారం తర్వాత కూడా ఆమె జవాబు మారలేదు. ఆవిడ దాన్ని కాదనలేదు, మెచ్చుకోనూ లేదు.

నాలుగోసారి భర్తను తీసుకురమ్మన్నారు. అసలు ముడి అక్కడ ఉంది. నిర్ణయం ఇద్దరిదీ. కానీ ఆయన తన తల్లికి ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. "ఆమెనే అడుగు అమ్మీ" అని తప్పుకునేవాడు. దాంతో నింద మొత్తం ఈమె మీద పడింది. తాయెత్తులు ఈమెకే, డాక్టర్ల దగ్గరకు తిప్పడం ఈమెనే, ఇంకో పెళ్లి చేస్తామనే బెదిరింపు ఈమెకే. ఆ గదిలో ఆయన తలదించుకుని కూర్చున్నాడట. ఆ రాత్రే ఇంటికెళ్లి తల్లితో "ఇది నా మాట కూడా" అన్నాడు. చివరి రెండుసార్లు, ఎవరైనా "విశేషం ఏమైనా ఉందా" అని అడిగితే కోపం, కన్నీళ్లు లేకుండా ఒక్క వాక్యంలో ఎలా జవాబు చెప్పాలో సాధన చేయించారు. రేపు నలభై దాటాక బాధ కలిగితే అనే భయం గురించి కూడా మాట్లాడారు. బాధ కలగదని ఆవిడ హామీ ఇవ్వలేదు. బాధ కలిగినంత మాత్రాన నిర్ణయం తప్పని అర్థం కాదనీ, ఇవాళ్టి నిర్ణయాన్ని ఇద్దరూ మళ్లీ ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చనీ చెప్పారు.

అత్తగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ తాయెత్తులు మానేసింది. ఆ అమ్మాయికి నిద్ర పడుతోంది. పిల్లలు లేరు. కాపురం నిలబడింది. పెద్దాయనకు నేను చెప్పదలచుకున్న మొదటి సంగతి ఇది.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. పిల్లలు వద్దు అనే ఒక్క మాట వెనక చాలా ఉండవచ్చు. ఒకామెకు అది నిజంగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఇంకొకామె తన అక్క కాన్పులో పడిన నరకం చూసి, గర్భం అంటేనే వణికిపోతూ ఉండవచ్చు. డాక్టర్లు దీన్ని టోకోఫోబియా అంటారు. దీనికి చికిత్స ఉంది. మరొకామె లోలోపల డిప్రెషన్‌తో, రేపటి మీద ఆశే లేక ఆ మాట అంటూ ఉండవచ్చు. వేరొకామెను భర్త కొడుతూ ఉండవచ్చు. ఆ ఇంట్లోకి ఒక పసిప్రాణాన్ని తీసుకురావడానికి ఆమెకు మనసొప్పక వద్దంటూ ఉండవచ్చు. ఇంకో ఇంట్లో ఆమెకు పిల్లలు కావాలి, భర్తకే వద్దు. బయటికి మాత్రం ఆమె "మాకు వద్దు" అని చెబుతుంది.

ఈ ఐదుగురూ బయటికి చెప్పేది ఒకే మాట. నచ్చజెప్పే మనిషి ఐదుగురికీ ఒకే జవాబు చెబుతాడు. అలా చెబితే దెబ్బలు తింటున్న ఆమెను కూడా కడుపుతో ఉండమని వెనక్కి పంపినట్టు అవుతుంది. వినే మనిషి మాత్రమే ఎవరి కథ ఏమిటో తెలుసుకోగలదు. మొదటి ఆమెకు తన నిర్ణయంతో ప్రశాంతంగా బతికే బలం కావాలి. రెండో ఆమెకు భయం తగ్గాలి. అది తగ్గాక ఆమె పిల్లల్ని కోరుకోవచ్చు, కోరుకోకపోవచ్చు. మూడో ఆమెకు మానసిక వైద్యం కావాలి. నాలుగో ఆమెకు ముందు రక్షణ కావాలి, 181 నంబరు కావాలి. ఐదో ఆమెకు భర్తతో కూర్చుని మాట్లాడుకునే చోటు కావాలి.

భాష చెప్పే టీచర్ని కాకపోయినా ఒక సంగతి గమనించాను. పిల్లలు పుట్టని ఆడదాన్ని అనడానికి తెలుగులో గొడ్రాలు అనే మాట ఉంది. మన ఇళ్లలో బాంఝ్ అంటారు. రెండూ తిట్టులాగే వాడతారు. పిల్లలు వద్దనుకున్న ఆమెకు అసలు మాటే లేదు. అందుకని ఆమెనూ ఆ తిట్టుతోనే పిలుస్తారు. గోద్ భరాయిలో ఆమెను వెనక వరుసలో కూర్చోబెడతారు. పుట్టక పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆమె కూడా అదే వరుసలో కూర్చుంటుంది. మనం తెరిచే గది ఇద్దరికీ పనికొస్తుంది. లోపలికి వచ్చిన ఆమెను ఎందుకు లేరు అని మాత్రం ఎవరూ అడగకూడదు.

కొందరు పెద్దలు, పిల్లలు వద్దనుకోవడమే ఒక మానసిక జబ్బు కదా అంటారు. మన దేశంలో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఒక మనిషి తన సమాజంలో ఉన్న నైతిక, సాంఘిక, సాంస్కృతిక విలువలకు, మత విశ్వాసాలకు భిన్నంగా ఉన్నంత మాత్రాన మానసిక రోగి అని నిర్ధారించకూడదని దాని మూడో సెక్షన్ అంటుంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచే హక్కు 23వ సెక్షన్ ఇచ్చింది. ఇక 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, బిడ్డను కనడం, కనకపోవడం రెండూ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పింది. సాంఘిక శాస్త్రం టీచర్ని కాబట్టి ఇంతవరకు చెప్పగలను.

దీన్ విషయంలో ఉలమాల ముందు మాట్లాడేంత దాన్ని కాను. మన ధర్మం వివాహాన్ని, సంతానాన్ని ప్రోత్సహించింది. అది మనందరికీ తెలుసు. అసలు పిల్లలే వద్దనుకోవడం గురించి ఎవరికైనా సందేహం ఉంటే అడగవలసింది ఉలమాలను. అది కౌన్సెలర్ పని కాదు, నా పని అంతకన్నా కాదు. అయితే రెండు సంగతులు గుర్తు చేయనివ్వండి. సంతానం ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో అల్లాహ్ చేతిలో ఉందని సూరా షూరాలో ఉంది. మనం ఒక ఆడమనిషిని దెప్పినప్పుడు ఆ సంగతి మరచిపోతున్నాం. రెండోది, హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హాకు సంతానం లేదు. అది ఆమె ఎంచుకున్నది కాదు, నిజమే. కానీ అక్క కుమారుడు అబ్దుల్లా పేరుమీద ఆమెను ఉమ్మె అబ్దుల్లా అని పిలిచారు. ఆమె నుంచి ఉమ్మత్‌కు అందినవి రెండువేలకు పైగా హదీసులు. ఒడి ఖాళీగా ఉందని ఆమె గౌరవం తగ్గలేదు.

ఇంకో మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్క ప్రకారం మన దేశంలో ముస్లిం స్త్రీకి సగటు సంతానం 1992-93లో 4.4 ఉండేది. 2019-21 నాటికి 2.4కు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అన్ని మతాల వారినీ కలిపితే 1.7. అంటే మన అమ్మమ్మలు అనుకోని లెక్కలు మన ఇళ్లలో అందరూ వేసుకుంటున్నారు. ఇద్దరితో ఆపుకున్నవారిని మనం తప్పు పట్టడం లేదు. బయటివాళ్లు మనకు పిల్లలు ఎక్కువ అంటారు. లోపలివాళ్లు నీకు పిల్లలు లేరేం అంటారు. మధ్యలో ఉన్న ఆ ఆడమనిషి రెండు వైపులా మాట పడుతోంది.

ఇక మన గది సంగతి. నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. నెలకు రెండు పూటలు ఒక అర్హత ఉన్న క్లినికల్ సైకాలజిస్టు కావాలి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి తీసుకుందాం. మంచి మాటలు చెప్పేవారు మనలో చాలామందే ఉన్నాం, నాతో సహా. మాతో పని జరగదు. మందులు అవసరమైతే పంపడానికి ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యులతో ముందే మాట్లాడి పెట్టుకుందాం. గది తలుపు మీద మానసిక చికిత్స అని బోర్డు పెట్టవద్దు. కుట్టు కేంద్రానికి వెళుతున్నానని చెప్పి రాగలిగేలా ఉండాలి. దూరం నుంచి వచ్చేవారికి బస్సు చార్జీలు ఇద్దాం. భర్త కూడా రావడానికి వీలుగా ఒక పూట ఆదివారం ఉండాలి. గది తెరిచేలోగా ఎవరికైనా అవసరమైతే ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉంది. 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు మన కుట్టు కేంద్రం గోడ మీద, మదరసా ఆడపిల్లల తరగతి గోడ మీద రేపే రాయించండి.

దాతలకు ఒక కష్టమైన విన్నపం. మీరు కుట్టు మిషన్లు ఇస్తే ఎన్ని ఇచ్చామో ఏడాది చివర లెక్క చెప్పగలం. స్కాలర్‌షిప్పులు ఇస్తే ఎంతమంది పాసయ్యారో చెప్పగలం. ఈ గది విషయంలో ఎంతమంది వచ్చారో చెప్పగలం. ఎవరు వచ్చారో చెప్పలేం. ఎంతమంది మనసు మార్చారు, ఎంతమందికి పిల్లలు పుట్టారు అని మీరు అడగకూడదు. అడుగుతారని తెలిస్తే కౌన్సెలర్ వినడం మానేసి చెప్పడం మొదలుపెడుతుంది. ఆ సంగతి మన ఆడపిల్లలకు ఒక్క వారంలో తెలిసిపోతుంది. ఆ తర్వాత గది ఖాళీగా ఉంటుంది.

పెద్దాయనకు నా జవాబు ఇదేనండీ. నచ్చజెప్పడానికైతే మనకు కొత్త గది అక్కర్లేదు. ఆ పని చేయడానికి ఆమెకు అత్తగారున్నారు, అమ్మ ఉంది, మొహల్లా అంతా ఉంది, నాలాంటి టీచర్లున్నారు. ఆమెకు లేనిదల్లా మాట మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా వినే ఒక మనిషి. మీరు డబ్బు ఇస్తే ఆ మనిషి కోసం ఇవ్వండి.

ఆ అమ్మాయి మొన్న రంజాన్‌కు మళ్లీ మా ఇంటికి వచ్చింది. షీర్ ఖుర్మా రెండు గిన్నెలు తింది. నేను ఏమీ అడగలేదు. వెళ్లేటప్పుడు "మీ గది ఎప్పుడు తెరుస్తారు టీచర్? నాకు తెలిసినవాళ్లు ఇద్దరున్నారు" అంది. ఆ ఇద్దరి తరఫున మీ ముందు నిలబడ్డాను.